అడవి దారిలో వెలిగే ఎర్రగుర్తు

మా ఆయన మణుగూరులో బండ్ల కరెంటు పని చేస్తడు. లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు, అప్పుడప్పుడు ఒక కారు. హారన్ మోగకపోయినా, లైట్లు రాకపోయినా, సెల్ఫ్ కొడితే ఇంజను కదలకపోయినా మా దగ్గరికి వస్తరు. షాపంటే పెద్దదేం కాదు. ఒక రేకుల షెడ్డు, ముందర రెండు బండ్లు పట్టేంత జాగ. ఎదురుంగ రోడ్డు మీద పొద్దంత బొగ్గు లారీలు పోతుంటయి. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు.

నేను ఆ షాపులకు ఎట్ల వచ్చిన్నో చెప్పాలంటే మా ఆయన కండ్ల సంగతి చెప్పాలె. చూపుకు ఏం తక్కువ లేదు. దూరంగ పోయే లారీ నంబరు నాకంటే ముందే చదువుతడు. కానీ ఎరుపు, ఆకుపచ్చ, గోధుమరంగు మూడూ ఆయనకు ఒక్కతీరుగనే కనపడతయి. పెండ్లికి ముందు గనిల నౌకరికి పోతే డాక్టరు రంగురంగుల చుక్కల బొమ్మ ముందర పెట్టి, లోపల ఏ అంకె ఉందో చెప్పమన్నడట. "అంకె ఏడున్నది సార్, అన్నీ చుక్కలే కద" అన్నడట ఈయన. నౌకరి అక్కడనే పోయింది. ఆ ముచ్చట నాకు పెండ్లయినంక గని తెలువలేదు. మా మొదటి క్రిస్మస్‌కు ఆకుపచ్చ చీర తెచ్చిన అని మురుసుకుంట నా చేతుల పెట్టిండు. విప్పి చూస్తే ఇటుకరంగు. నేను నవ్విన. ఆయన నవ్వలేదు. మంచం మీద కూసోని మొత్తం చెప్పిండు.

కరెంటు పని చేసేటోనికి రంగులు కనపడవంటే బండి ఎవరిస్తరు? ఒక్కొక్క తీగకు టెస్ట్ లైటు పెట్టి చూసుకుంట, ఎవరికీ చెప్పకుంట పని ఎల్లదీస్తున్నడు. నేను మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకపోయేదాన్ని. ఒకనాడు ట్రాక్టరు కింద పండుకొని మెల్లగ అడిగిండు, "ఇది ఏం రంగే?" అని. "ఎరుపు" అన్న. "పక్కది?" "ఆకుపచ్చ." ఆ పూట పని తొందరగ అయిపోయింది. మర్నాడు అన్నం డబ్బాతో ఇంకొంచెం ముందుగ పోయిన. కొన్నాళ్లకు ఇద్దరం కలిసే షాపు తెరిచేటోళ్లం. నలుగురి ముందర గట్టిగ చెప్పకపోయేది. ఆయన పక్కన కూసోని గొంతు తగ్గించి చెప్పేదాన్ని. చూసేటోళ్లు మొగుడు పెండ్లాలు ఇంటి ముచ్చట మాట్లాడుకుంటున్నరని అనుకునేటోళ్లు. అట్ల రంగులు చెప్పుకుంట చెప్పుకుంట ఏ తీగ ఏడికి పోతదో, ఏడ తెగితే ఏం ఆగుతదో నాకు కూడ తెలిసొచ్చింది. కానీ బండి మీద నేను చెయ్యి పెట్టింది లేదు. నేను చెప్పేదాన్ని, ఆయన చేసేటోడు.

ఏన్కూరు అమ్మ వచ్చింది వానాకాలం మొదట్ల, ఒక ఆదివారం. ఆమెను మేం ఇంట్ల గట్లనే అనుకుంటం. మేము చర్చి నుంచి వస్తుంటే మూసున్న మా షాపు ముందర పెద్ద నల్ల కారు నిలబడి ఉంది. విదేశీ కంపెనీది. అసుంటి కారును మేం రోడ్డు మీద పోతుంటే చూసుడే గని, ముందర నిలబడి చూసింది లేదు. బానెట్టు ఎత్తి ఉంది. పక్కన మా షాపు స్టూలు మీదనే ఒకామె కూసున్నది. అరవై ఏండ్లకు దగ్గర్ల ఉంటది. నేత చీర, కండ్లద్దాలు, చీర కింద కాన్వాస్ బూట్లు.

"కరెంటు షాపు ఇదేగా అమ్మాయ్? మీవారేనా చేసేది?" అనడిగింది.

"అవ్ అమ్మా. కాకపోతే ఇయ్యాల బంద్."

"తెరిచిందాకా కూర్చుంటాలే. ఇది కదిలితే కదా నేను పోయేది."

డ్రైవర్ ఏడి అని మా ఆయన అటూ ఇటూ చూసిండు. ఆమెకు అర్థమయింది. "డ్రైవర్ని నేనేనయ్యా" అన్నది.

చర్చికి ఏసుకున్న తెల్ల చొక్కా పాడయితదని ఈయన ఇంటికి పోయి మార్చుకొని వచ్చేలోపట ఆమె నాతోని సంగతంతా చెప్పింది. వాళ్ల పెద్దోళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఏన్కూరు పక్కన భూములు కొనుక్కున్నరు. మిర్చి, పత్తి. ఈ కారును వాళ్లాయన హైదరాబాదుల ఒకరు వాడిందే కొన్నడు. కొన్నంక ఆయనకు మోకాళ్లు పట్టేసినయి, నడపలేకపోయిండు. కారు షెడ్డుల ఉండుడు చూడలేక ఈమె నేర్చుకున్నది. ముందు పొలం గట్టు మీద, తర్వాత ఊరి రోడ్డు మీద, తర్వాత ఖమ్మం దాక. కూతురు, అల్లుడు మణుగూరు కాలనీల ఉంటరు. కూతురు కడుపుతోని ఉన్నదని వారం వారం పప్పులు, పెరుగు, పచ్చళ్లు ఏసుకొని వస్తది.

"దారిలో ఈ రోగం. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ముందు ఎర్రగా బ్యాటరీ గుర్తు వెలుగుతుంది. ఏసీ నీరసించిపోతుంది. స్టీరింగు బరువెక్కుతుంది. బండి ఆపెయ్యమని తెర మీద వస్తుంది. ఆపి, కాసేపు కూర్చుని మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు పోతుంది. ఒక్కోసారి సెల్ఫ్ కూడా ఈడుస్తుంది."

"ఎవరికన్న చూపించిన్రా?"

"హైదరాబాదులో షోరూముకే పంపాం. బ్యాటరీ మార్చారు. ఆల్టర్నేటర్ మార్చారు. రోజంతా తిప్పి చూశారట, అక్కడ ఒక్కసారీ రాలేదు. వాళ్లనేమంటాం? కనపడని రోగానికి మందెలా ఇస్తారు?" అని, "ఇంట్లో మాత్రం అమ్మెయ్యమంటున్నారు. అడవిలో ఆగిపోతే ఎలా అని మా మరిది రోజూ ఒకటే గోల. కారు అమ్మితే ఇంకో కారు కొంటారు, దానికి డ్రైవర్ని పెడతారు. నేను వెనక సీట్లో కూర్చోవాలి" అన్నది.

ఆఖరి మాట అన్నప్పుడు నవ్వింది గని, ఆ నవ్వు నిలవలేదు.

ఆల్టర్నేటర్ అంటే ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది. మా దగ్గర పాతోళ్లు డైనమో అంటరు. ఎర్ర గుర్తు వెలిగిందంటే బ్యాటరీకి కరెంటు అందుతలేదని లెక్క. మా ఆయన మీటరు పెట్టిండు. కరెంటు బాగనే ఉంది. లైట్లన్నీ ఏసి, ఏసీ పెట్టి, వెనక అద్దం వేడి చేసే మీట కూడ నొక్కి చూసిండు. అయినా బాగనే ఉంది. ఇంజను దగ్గర ఒక తీగల కట్ట మీద ఎలుక కొరికిన గాట్లు కనపడ్డయి. అడవి పక్క ఊర్లల్ల బండ్లకు ఇది మామూలే. ఇద్దరం ఒకరి మొఖం ఒకరు చూసుకున్నం. దొరికింది అనుకున్నం. కొరికిన తావుల్ల అతుకులేసి, టేపు చుట్టి, పైన ఒక గొట్టం తొడిగిండు. ఆమె సంతోషంగ పోయింది.

మర్నాడు పొద్దున షాపు తెరుస్తుంటేనే ఫోను వచ్చింది. పాల్వంచ దాటినంక మళ్లీ అదే.

"ఏం భయం లేదమ్మాయ్, ఒక అడవి గూడెం దగ్గరే ఆగింది. ఒకావిడ పందిట్లో మంచం వేసి కూర్చోబెట్టింది. ఆవిడ మాట నాకు సగమే తెలుస్తోంది, నా మాట ఆవిడకు సగం. కానీ అంబలి మాత్రం పూర్తిగా తాగించింది" అన్నది. నవ్వుకుంటనే చెప్పింది. మాకు మాత్రం సిగ్గయింది.

ఫోను పెట్టినంక మా ఆయన బల్ల మీద పానలు సర్దుకుంట కూసున్నడు. సర్దినయే మళ్లీ సర్దుతున్నడు. "మనతోని కాదే. అది పెద్ద బండి. దాంట్ల అంతా కంప్యూటరే. ఇంకోపారి వస్తే కాదని చెప్పేద్దాం" అన్నడు.

నాకు మాత్రం ఒకటే అనిపించింది. పట్నంల రోజంత తిప్పినా రాలేదు. మా షాపుల రాలేదు. దారిలనే వస్తున్నది. అంటే రోగం బండిల ఒక్కదాంట్ల లేదు, దారి చేసే పనిల కూడ ఉన్నది. సాయంత్రం ఆమెకు నేనే ఫోను చేసిన.

"అమ్మా, ఆ గుర్తు వెలిగే ముందర మీరు ఏం చేస్తున్నరు? జర యాది చేసుకోని చెప్పున్రి."

"ఏం చేస్తానమ్మాయ్, నడుపుతున్నా."

"అట్ల కాదు. ఇయ్యాల పొద్దున వెలిగిందే, అప్పుడు?"

"ప్లాంటు బూడిద మోసే లారీని దాటేస్తున్నా. అది పక్కకు జరగకపోతే గట్టిగా తొక్కాను."

"అంతకు ముందుపారి?"

"అంతకు ముందు... మిట్ట ఎక్కుతున్నా. ఆ ముందు కూడా లారీయే. అవునమ్మాయ్! నేను గట్టిగా తొక్కినప్పుడే వస్తోంది. మెల్లగా పోతే రాదు. ఇన్నాళ్లూ నాకే తట్టలేదు చూడు."

అన్నం తినుకుంట ఈ మాట మా ఆయనకు చెప్పిన. ముద్ద చేతులనే పట్టుకొని ఆగిండు. "గట్టిగ తొక్కితే ఇంజను ఒక పక్కకు ఒరుగుతది. ఊగుతది" అన్నడు. "అవ్. ఊగినప్పుడు ఏదో తీగ ఎడంగ జరుగుతున్నది" అన్న. ఆ పొద్దంతల ఆయన మొఖం మీద కళ రావడం అప్పుడే చూసిన.

అయితే అసుంటి బండిల ఏ తీగ ఎక్కడుంటదో మాకు తెలువదు. షోరూము నంబరు ఏన్కూరు అమ్మనే ఇచ్చింది. ఆమె కారు చూసిన ఇంజనీరు ఫోనుల దొరికిండు. మణుగూరు షాపు అని చెప్తే పెట్టేస్తడేమో అనుకున్న. ఆయన మాత్రం మొత్తం విన్నడు. "గట్టిగా తొక్కినప్పుడే అని మాకెవరూ చెప్పలేదండీ. ఇక్కడ ట్రాఫిక్‌లో తొక్కేంత ఖాళీ ఎక్కడుంటుంది" అన్నడు. ఆ బండిల ఆల్టర్నేటర్ ఎప్పుడు ఎంత కరెంటు ఇయ్యాలన్నది కంప్యూటరే చెప్తదట. అందుకని మీటరు మీద అంకె కొంచెం పడినా కంగారు పడొద్దు, అది దాని పద్ధతే అన్నడు. ఆ మాట చెప్పకపోతే మేం దాని ఎనక పడి అసలుది ఇడిచిపెట్టేటోళ్లం. ఎర్త్ తీగలు ఏడేడ బిగించి ఉంటయో కూడ చెప్పిండు. ఆ బండ్లల్ల ఎర్త్ తీగ నలుపు కాదు, గోధుమరంగు ఉంటది, మర్చిపోవద్దు అన్నడు. ఎర్త్ అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వచ్చే దారి. ఇంజను ఇనుము నుంచి బండి బాడీకి ఒక లావు తీగ కలిపి ఉంటది, తిరుగు ప్రయాణం దాని మీదనే. దొరికితే నాకు కూడా చెప్పండి అని ఫోను పెట్టేసిండు.

తర్వాతి వారం ఏన్కూరు అమ్మ కూతురి ఇంట్ల సామాను దించి నేరుగ మా దగ్గరికి వచ్చింది. మా ఆయన బానెట్టు కింద తల పెట్టిండు, నేను పక్కన నిలబడ్డ. ఎప్పటి లెక్కనే గొంతు తగ్గించి, "గోధుమరంగు... కాదు కాదు, అది ఎరుపు, దాన్ని ముట్టకు... ఇంకొంచెం కిందికి... అవ్, అదే" అని చెప్తున్న. ఆమె స్టూలు మీద కూసోని పేపరు చదువుతున్నదనుకున్నం.

"అమ్మాయ్, రంగులు నువ్వెందుకు చెప్తున్నావ్?" అన్నది.

ఈయన కండ్లద్దాలు ఇంట్ల మర్చిపోయిండని అబద్ధం నోటి దాక వచ్చింది. అంతల మా ఆయన బానెట్టు కింద నుంచి తల బయటికి తీసిండు. గుడ్డతోని చేతులు తుడుచుకున్నడు, ఏల్ల సందుల దాక, తీరుబడిగ. అప్పుడు అన్నడు:

"నాకు రంగులు కనపడయమ్మా. పుట్టుకతోనే. ఈమెనే చూసి చెప్తది. మీకు ఇష్టం లేకపోతే బండి తీసుకపోవచ్చు, ఏమనుకోను."

ఇన్నేండ్లల్ల ఆయన నోటి నుంచి పరాయి మనిషికి ఆ మాట చెప్పంగ నేను వినలేదు. నా కండ్లు బండి మీద నుంచి లేవలేదు.

ఏన్కూరు అమ్మ పేపరు మడిచి ఒళ్లె పెట్టుకున్నది. "మరి గుసగుసలెందుకయ్యా? ఈ లారీల చప్పుడులో నీకు ఎలా వినపడుతుంది? తప్పు తీగ పట్టుకుంటే షాకు కొట్టదూ?" అని నా దిక్కు తిరిగి, "నువ్వు గట్టిగా చెప్పమ్మాయ్. ఇక్కడ నిద్రపోయేవాళ్లు ఎవరున్నారు?" అన్నది.

మా ఆయన ముందు నవ్విండు. తర్వాత నేను. ఆ నవ్వుల నాకు ఏడుపు కూడ వచ్చింది, చెంగు అడ్డం పెట్టుకున్న.

పరీక్ష ఎట్ల చెయ్యాలన్నది ఆలోచించి పెట్టుకున్నం. ఇంజను ఇనుముకు ఒక పొడుగు తీగ, బండి బాడీకి ఒక పొడుగు తీగ బిగించి, కిటికీ సందుల నుంచి లోపలికి తెచ్చి మీటరుకు కలపాలె. ఎర్త్ మంచిగుంటే ఆ రెండింటి మధ్య మీటరు సున్నా చూపాలె. నిలబెట్టి చూస్తే సున్నానే చూపింది.

"మంచిగనే ఉన్నది కదనే" అన్నడు మా ఆయన.

"ఇప్పుడు ఇంజను ఊగుతలేదు కద. రోడ్డు మీద చూడాలె."

"అయితే నువ్వే ముందర కూసో. నేను ఎనక కూసుంట. నువ్వు అంకె చూస్కుంట, దారి చూస్కుంట చెప్పు. ఆ ఆలోచన నీది" అన్నడు. మాటల్ల కోపం లేదు, ఎగతాళి లేదు.

మీటరు ఒళ్లె పెట్టుకొని ముందు సీట్ల కూసున్న. అంత మెత్తటి సీటు మీద కూసునుడు అదే మొదలు. మసి అంటుతదని కింద పాత టవల్ ఏసుకున్న. ఏన్కూరు అమ్మ బూట్ల లేసులు బిగించి కట్టుకొని, అద్దం సరి చేసుకొని, బండి తీసింది. ఊరు దాటినంక లైట్లు, ఏసీ, అన్నీ పెట్టించిన. రాత్రి కురిసిన వానకు టేకు చెట్లు కడిగినట్టున్నయి. రోడ్డు పక్క గూడెం ఆడోళ్లు ఆకుల్ల పుట్టగొడుగులు పోసి అమ్ముతున్నరు. వచ్చేటప్పుడు కొనాలి గుర్తు చెయ్యి అన్నది ఆమె. నేను అంకె మీద నుంచి కన్ను తియ్యలేదు. సున్నా. సున్నా. గుంతల పడితే కొంచెం కదిలింది, మళ్లీ సున్నా.

అశ్వాపురం దిక్కు పోంగ ముందర ఒక బొగ్గు లారీ దొరికింది. మెల్లగ పోతున్నది, పక్కకు జరుగుతలేదు.

"ఇక చూడమ్మాయ్" అని ఆమె హారన్ కొట్టింది, గేరు మార్చింది, గట్టిగ తొక్కింది. బండి ముక్కు పైకి లేచినట్టయింది. లారీ చక్రాలు నా కిటికీ పక్కనే తిరుగుతున్నయి. నా ఒళ్లె అంకె సున్నా నుంచి ఒకటి దాటింది, రెండు దాటింది. ఏసీ ఊపిరి తగ్గింది. ఆమె ముందర ఎర్రగ గుర్తు వెలిగింది.

"వచ్చింది!" అని ఆమె అరిచింది. "దొరికింది!" అని నేను అరిచిన. ఎనక నుంచి మా ఆయన, "లారీ! లారీ చూడున్రి!" అని అరిచిండు. ఆమె లారీని దాటేసి, ముందర వెడల్పు జాగ చూసి బండి పక్కకు తీసి ఆపింది. బండి ఆగిపోయినందుకు అంత సంతోషపడ్డోళ్లు ఆ రోడ్డు మీద ఇంకెవరూ ఉండరేమో.

ఇంజను బంద్ చేసి మా ఆయన బండి కిందికి పోయిండు. చెయ్యి పెట్టి తడుముకుంట పోయి, ఒక తావుల ఆగిండు. "ఇటు రా. ఈ తీగ చూడు, వేడిగున్నది. పక్కన ఇనుము ఇంత వేడి లేదు. కరెంటు పోలేక గిట్ల కాగుతున్నది" అన్నడు. తీగ పైకి కొత్తగనే ఉన్నది. తొడుగు చిట్లలేదు, బిగింపు వదులు లేదు. ఎవరు చూసినా బాగుందనే అంటరు. మెల్లగ నడిపించుకుంట షాపుకు తెచ్చి, విప్పి, తొడుగు కోసిండు.

"లోపల ఎట్లున్నదే?" అనడిగిండు.

ఈపారి గొంతు తగ్గించలేదు. "పచ్చగ, నాచు పట్టినట్టున్నది. సన్న రాగి పోసలన్నీ పొడి పొడి అయినయి. నాలుగైదు పోసలే మిగిలినయి ఎర్రగ. సందుల్ల సన్న మట్టి కూడ ఉన్నది."

ఆ మట్టిని ఆయన ఏలుతోని రుద్ది చూసిండు. వరద మట్టి అది. గోదావరి పక్క బతికేటోళ్లకు ఆ మట్టిని పోల్చుకునుడు కష్టం కాదు. ఏ నది, ఏ చెరువు మట్టో తెలువదు గని, ఈ బండి ఎప్పుడో ఎక్కడనో నీళ్లల్ల మునిగి నిలబడ్డది. ఆ తడి తొడుగు లోపల ఉండిపోయి ఏండ్ల తరబడి తీగను తినుకుంట వచ్చింది. ఇంజను నిలకడగుంటే మిగిలిన పోసలు ఒకదానికొకటి ఆనుతయి, కరెంటు పోతది. ఇంజను ఊగితే ఎడమైతయి.

ఇది విని ఏన్కూరు అమ్మ ఏమంటదో అని భయపడ్డ. వాళ్లాయన మోసపోయి కొన్నడని తెలిసింది కద. ఆమె ఆ తీగ ముక్కను చేతిల పట్టుకొని అటూ ఇటూ తిప్పింది. "పాపం, ఇది కూడా ఒక వరద చూసొచ్చిందన్నమాట" అన్నది. "మా నాన్న వాళ్లు కూడా కృష్ణ పొంగి ఇల్లు మునిగాకే ఇటొచ్చారు. వచ్చి బాగానే బతికారు. ఇంకెక్కడెక్కడ ఇలా తడి ఉందో అన్నీ చూడండి. నాకు తొందరేం లేదు."

అన్నీ చూసినం. ఆ ఇంజనీరు చెప్పిన ఒక్కొక్క తావు విప్పి, గీకి, తుడిచి, బిగించినం. ఇంకో రెండు తావుల్ల మొదలు పెట్టిన నాచు దొరికింది. కొన్ని బిగింపులు ఇరుకు సందుల్ల ఉన్నయి, ఆయన చెయ్యి పట్టలేదు. "నీ చెయ్యి సన్నగుంటది, నువ్వు పెట్టు" అన్నడు. పాన నా చేతికిచ్చిండు. నట్టు కదిలేదాక తిప్పిన. అది ఒక్కసారి టక్కుమని ఇడిసినప్పుడు భుజం దాక ఏదో పాకినట్టయింది. కొత్త తీగ లావుది తెచ్చి, రెండు చివర్లా నట్టుకు బిగించే లగ్గులు నొక్కి, నేనే బిగించిన. ఆయన టార్చి పట్టుకొని నిలబడ్డడు.

మర్నాడు పొద్దున మళ్లీ అదే తీరుగ మీటరు పెట్టుకొని భద్రాచలం దాక పోయినం. ఆమె దారిల కనపడ్డ లారీనల్లా దాటేసింది. అవసరం లేని లారీని కూడ దాటేసింది. మిట్టలు ఎక్కించింది. అంకె సున్నా దగ్గర నుంచి జరగలేదు. గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి సన్నగ వాన. నీళ్లు ఎర్రగ, నిండుగ పోతున్నయి. మా ఆయన కిటికీకి ఆనుకొని చూస్తున్నడు.

"నీళ్లు ఏం రంగున్నయే?" అనడిగిండు.

"ఎరుపు. కొత్త నీళ్లు."

"ఓహో" అన్నడు. ఏన్కూరు అమ్మ బండి నెమ్మది చేసింది, ఆయన ఇంకొంచెంసేపు చూడాలని.

వంతెన అవతల బజ్జీల బండి దగ్గర ఆగినం. ఇంజనీరుకు అక్కడి నుంచే ఫోను చేసి చెప్పిన. "తొడుగు లోపలా! మేం పైనుంచి చూసి వదిలేశాం. ఇకపై ఇలాంటి బండి వస్తే మీరు చేసినట్టే మీటరు పెట్టి రోడ్డు మీదికి తీసుకెళ్తాం" అన్నడు. కోసిన తీగ ఫొటో పంపమన్నడు, పంపిన. అప్పటి నుంచి ఏ పెద్ద బండి వచ్చినా ఆయనను అడుగుతం. ఆయన కూడ ఒకటి రెండు సార్లు, అడవి దిక్కు బండ్లల్ల ఎలుకలు ఏ తీగ ముందు కొరుకుతయి అని మమ్మల్ని అడిగిండు.

షాపుల కూడ పద్ధతి మారింది. మా ఆయన ఇప్పుడు ఎవరొచ్చినా ముందే చెప్తడు, "రంగులు ఆమె చూస్తది, పని ఇద్దరం చేస్తం" అని. మొదటిసారి ఒక లారీ డ్రైవర్‌కు చెప్పినప్పుడు నేను పని ఆపి ఆ మనిషి మొఖమే చూసిన. ఆ డ్రైవర్, "ఎవలు చూస్తేంది, జల్దీ చెయ్యున్రి, లోడు ఉన్నది" అని బీడీ ముట్టించుకున్నడు. ఇన్నేండ్లు దాసిపెట్టిన ముచ్చట గంతలనే అయిపోయింది. కొందరు పోయిన్రు, లేదనను. ఎక్కువ మంది ఉన్నరు. ఏన్కూరు దిక్కు నుంచి కొత్తగ కార్లు రావడం మొదలైంది. వాటి లోపలి కంప్యూటరును చదివే మిషను ఒకటి కొన్నం, దాంట్ల వచ్చే మాటలు నేను చదువుత. ఫోనుల వీడియోలు చూసి కొన్ని నేర్చుకున్న. ఆయనకు ఓపిక, నాకు ఆత్రం. రెండూ కలిసి పని బాగనే నడుస్తున్నది.

ఏన్కూరు అమ్మ కూతురికి ఆడపిల్ల పుట్టింది. నొప్పులు మొదలైనయని ఫోను వస్తే ఆమె ఒక్కతే అడవి దారెంట వచ్చేసిందట. ఆ నెలలనే పిల్లను చూడ పోయినం. వాళ్లాయన కూడ వచ్చి ఉన్నడు. "అమ్మేద్దామన్నాను కానీ, ఇప్పుడు అడిగితే ముందు నన్ను అమ్మేస్తుంది" అన్నడు మా ఆయనతోని. పిల్ల నా ఏలు పట్టుకుంటే ఇడువలేదు.

మొన్న ఒకపూట ఆమె నుంచి ఫోను. కుసుమంచి గుడికి పోయి వస్తున్నది. గొంతుల కంగారు.

"అమ్మాయ్, వెనక నుంచి చప్పుడొస్తోంది. మలుపు తిరిగినప్పుడల్లా ధడ్ ధడ్ మంటోంది. నేరుగా పోతే లేదు."

"గుర్తేమన్న వెలిగిందా అమ్మా?"

"ఏ గుర్తూ లేదు."

"పక్కకు ఆపి డిక్కీ తెరిచి చూడున్రి. నేను ఫోనులనే ఉంట."

తలుపు చప్పుడు, గాలి చప్పుడు వినపడ్డయి. తర్వాత చాలాసేపు నవ్వు.

"ఏమైందమ్మా?"

"గుమ్మడికాయమ్మాయ్! మా అమ్మాయికని పొద్దున పెట్టాను. అటూ ఇటూ దొర్లుతోంది."

"దానికి ఒక గోనెసంచి అడ్డం పెట్టున్రి" అన్న. పక్కన మా ఆయన, ఏమైందట అని సైగ చేస్తున్నడు. చెప్తే నమ్ముతడో లేదో అని ఫోను స్పీకరుల పెట్టిన.